ఎత్తబడని ఆరుగురు: ‘దిస్ ఈజ్ ది ఎండ్’లో బూతుల వెనక ఏముంది

సిగరెట్ల కోసం ఇద్దరు స్నేహితులు పార్టీలోంచి బయటికొచ్చి దగ్గర్లో ఉన్న కొట్టుకి వెళ్తారు. కొట్లో నిలబడి ఉండగానే భూమి అదురుతుంది, సామాన్లు కిందపడతాయి, పైనుంచి నీలం రంగు వెలుగు స్తంభాల్లా దిగి అక్కడున్న మామూలు జనాన్ని ఒక్కొక్కరిగా ఆకాశంలోకి లాక్కుపోతుంది. ఇద్దరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, తగలబడుతున్న వీధుల గుండా పరుగెత్తి, పార్టీ జరుగుతున్న ఇంట్లోకి వచ్చి పడతారు. లోపల పార్టీ నడుస్తూనే ఉంది. గ్లాసులు చేతుల్లోనే ఉన్నాయి. ఒక్క మనిషి కూడా తగ్గలేదు.

ఆ ఇంట్లో ఉన్నవాళ్లంతా హాలీవుడ్ నటులు, గాయకులు, కమెడియన్లు. లోకంలో మంచివాళ్లని ఏరి పైకి తీసుకెళ్తున్న ఆ నిమిషంలో, కిక్కిరిసిన ఆ పార్టీలోంచి ఒక్కరిని తీసుకెళ్లాలని కూడా పైవాడికి అనిపించలేదు. 2013 జూన్‌లో విడుదలైన ‘దిస్ ఈజ్ ది ఎండ్’ సినిమాకి తాళంచెవి ఈ క్షణమే అని నా నమ్మకం. మిగతా గంటన్నరలో వచ్చే దెయ్యాలు, మనుషుల్ని తినే ముఠాలు, వినలేని బూతులు, అన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. వీళ్లనెందుకు తీసుకెళ్లలేదు, ఇక ముందైనా తీసుకెళ్తారా?

ఈ సినిమా గురించి మాట్లాడితే నాకు రెండు రకాల మాటలు వినపడతాయి. నలుగురు డబ్బున్న ఫ్రెండ్స్ కెమెరా పెట్టుకుని సరదాగా తీసుకున్న ఇంటి వీడియో అని కొందరంటారు. దేవుణ్ణీ బైబిల్‌నీ ఎగతాళి చేసిన చెత్త అని మరికొందరు. ఇద్దరి మాటల్లోనూ కాస్త నిజం లేకపోలేదు గానీ, నేను దీన్ని చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ ఇది పైకి కనిపించేదానికంటే చాలా జాగ్రత్తగా అల్లిన కథ అనే అనిపించింది. మూడు దారాలు ఒకదానిలోకి ఒకటి చిక్కుకుని ఉంటాయి ఇందులో. నటులు తమ పేర్లతోనే నటించడం, క్రైస్తవంలో ఒక శాఖ నమ్మే యుగాంతపు లెక్క, విడిపోతున్న ఇద్దరు స్నేహితుల గొడవ. ఏ ఒక్కదాన్ని తీసేసినా మిగతా రెండూ కూలిపోతాయి.

ముందు పేర్ల సంగతి. సేథ్ రోగెన్, జే బరూషెల్, జేమ్స్ ఫ్రాంకో, జోనా హిల్, డానీ మెక్‌బ్రైడ్, క్రెయిగ్ రాబిన్సన్. ఈ ఆరుగురూ సినిమాలో తమ సొంత పేర్లతోనే ఉంటారు. సిగరెట్ల కోసం వెళ్లిన ఆ ఇద్దరూ సేథ్, జే. ఫ్రాంకో కొత్త ఇంట్లో పార్టీ, మిగతావాళ్లు అతిథులు. రిహానా, ఎమ్మా వాట్సన్, మిండీ కేలింగ్, కెవిన్ హార్ట్, మైకేల్ సెరా లాంటివాళ్లు కూడా తమ పేర్లతోనే వచ్చి పోతారు, చాలామంది ఇంటి ముందు నోరు తెరిచిన పెద్ద గోతిలో పడి పోతారు.

ఇది వాళ్ల నిజ జీవితం అనుకుంటే పొరపాటే. మైకేల్ సెరాని చూడండి. సిగ్గుపడుతూ, మాట తడబడుతూ ఉండే కుర్రాడి పాత్రలకి పేరుపడ్డ మనిషి. ఈ సినిమాలో మాత్రం ముక్కు నిండా కొకైన్ పీల్చి, కనపడిన ప్రతి ఒక్కరితోనూ తప్పుగా ప్రవర్తించి, రిహానా చేత చెంపదెబ్బ తింటాడు. చివరికి భూమి చీలి, దీపస్తంభం శరీరంలోంచి దిగిపోయాక కూడా తన ఫోన్ ఎవరు తీశారన్న ధ్యాసలోనే ఉంటాడు. సెరా విషయంలో వాడిన పద్ధతి జనం మనసులో ఉన్న బొమ్మని తలకిందులు చెయ్యడం. మిగతా ఆరుగురి విషయంలో పద్ధతి వేరు, నా దృష్టిలో అదే గొప్పది. వాళ్ల గురించి జనం వెనకాల ఏమనుకుంటారో ఆ మాటనే తీసుకుని వాళ్ల పాపంగా రాశారు.

సినిమా మొదట్లోనే ఎయిర్‌పోర్ట్‌లో ఒక అపరిచితుడు కెమెరా పట్టుకొచ్చి సేథ్‌ని అడుగుతాడు, నువ్వు ప్రతి సినిమాలోనూ ఒకే మనిషిలా చేస్తావు కదా, నిజంగా నటించేది ఎప్పుడు అని. అది సేథ్ గురించి నిజంగా ఉన్న విమర్శే. స్క్రిప్టు రాసింది, డైరెక్ట్ చేసింది సేథ్, అతని చిన్ననాటి స్నేహితుడు ఎవాన్ గోల్డ్‌బర్గ్. అంటే ఆ దెబ్బని తనకు తానే ముందు కొట్టుకున్నాడన్నమాట. జోనా హిల్ అప్పటికే బేస్‌బాల్ నేపథ్యంలో వచ్చిన ‘మనీబాల్’ సినిమాకి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుని సీరియస్ నటుల వరసలోకి వెళ్లాడు. ఈ సినిమాలో జోనా అందరితోనూ అతిమంచిగా, మెత్తగా, ప్రేమగా మాట్లాడతాడు, ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం జే చచ్చిపోవాలని దేవుణ్ణి వేడుకుంటాడు. ఆ ప్రార్థన మొదలయ్యే తీరు నేను మర్చిపోలేను. ‘దేవుడా, నేను జోనా హిల్‌ని, మనీబాల్‌లో చేసినవాణ్ణి’ అని పరిచయం చేసుకుంటాడు. సృష్టికర్త ముందు నిలబడి కూడా తన సినిమా పేరు చెబితేగానీ గుర్తుపట్టరేమో అన్న భయం అది. ఒక్క వాక్యంలో మనిషి మొత్తం బయటపడిపోతాడు.

ఫ్రాంకో ఇల్లు కూడా ఒక పాత్రే. కళ అంటే మహా పిచ్చి ఉన్నవాడిగా అతని గురించి బయట ఉన్న పేరుని ఆ గోడల మీద వేలాడదీశారు. తన పేరు, సేథ్ పేరు రాయించి పెట్టుకున్న పెయింటింగులు ఉంటాయక్కడ. స్నేహాన్ని కూడా వస్తువుగా మార్చి గోడకి తగిలించుకునే మనిషి అని మనకి అప్పుడే అర్థమైపోతుంది. తలుపులు మూసుకుని లోపల ఇరుక్కున్నాక ఒక్కొక్కరూ విడిగా ఒక వీడియో కెమెరా ముందు కూర్చుని మనసులో మాట చెప్పుకుంటారు. ఆ కెమెరా ఫ్రాంకోకి ఆస్కార్ నామినేషన్ తెచ్చిన ‘127 అవర్స్’ సినిమాలోదట. బండరాయి కింద చెయ్యి ఇరుక్కున్న మనిషి చావు ముందు మాట్లాడిన కెమెరా అది. ఇక్కడ దాన్నే తోటివాళ్ల మీద చాడీలు చెప్పడానికి వాడుతున్నారు.

ఈ గుంపు ఒక్కరోజులో తయారైంది కాదు. 1999లో అమెరికన్ టీవీలో వచ్చిన ‘ఫ్రీక్స్ అండ్ గీక్స్’ అనే హైస్కూల్ సీరియల్లో సేథ్, ఫ్రాంకో కలిసి చేశారు. ఆ సీరియల్ వెనకున్న జడ్ ఆపటౌ తర్వాత తీసిన ‘అన్‌డిక్లేర్డ్’లో సేథ్, జే కలిశారు. ఆ తర్వాత పదేళ్లలో ఒకరి సినిమాలో ఒకరు కనపడుతూ, ఒకరికొకరు రాసుకుంటూ, హాలీవుడ్ కామెడీని వీళ్లే నడిపారు. అందులో ‘పైనాపిల్ ఎక్స్‌ప్రెస్’ 2008లో వచ్చింది. ఇంట్లో ఇరుక్కున్నాక పొద్దుపోక ఆ సినిమాకి రెండో భాగాన్ని తమ చేతి కెమెరాతో తీసుకుంటారు. ఇదంతా తెలియనివాళ్లకి కొన్ని జోకులు ఎక్కవు, ఇది సినిమాకి ఉన్న లోటే. తెలిసినవాళ్లకి మాత్రం ఇది ఒక తరం కామెడీ తన లెక్క తాను చూసుకోవడంలా ఉంటుంది.

ఇక డబ్బు సంగతి, ఎందుకంటే కథ ఆకారాన్ని డబ్బే నిర్ణయించింది. 2007లో జేసన్ స్టోన్ అనే దర్శకుడు సేథ్, జేలతో ఒక చిన్న సినిమా తీశాడు, యుగాంతం రోజున ఒక గదిలో ఇరుక్కుని కొట్టుకునే ఇద్దరు స్నేహితుల కథ. దాని ట్రైలర్ ఇంటర్నెట్‌లో బాగా తిరిగింది, దాన్ని పెంచి పెద్ద సినిమా చేశారు. బడ్జెట్ సుమారు 3.2 కోట్ల డాలర్లు. ఈ సినిమా వచ్చిన రెండు రోజులకే థియేటర్లలోకి దిగిన సూపర్‌మ్యాన్ సినిమా బడ్జెట్‌తో పోలిస్తే ఇది చిల్లర. ఆ డబ్బుతో లోకం మొత్తం కూలిపోవడం చూపించలేరు కాబట్టి లోకాన్ని కిటికీ అవతల పెట్టి, కథని నాలుగు గోడల మధ్య నడిపారు. లాస్ ఏంజిల్స్‌లో జరిగే ఈ కథని తీసింది లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్‌లో. ప్రపంచవ్యాప్తంగా 12 కోట్ల డాలర్లకి పైనే వసూలు చేసింది. ఇరుకు ఈ కథకి మేలే చేసింది. బయట అగ్నివర్షం కురుస్తుంటే లోపల ఆరుగురు మగాళ్లు ఒకే ఒక్క చాక్లెట్ బార్ ఎవరికెంత అని తగువులాడుకోవడం చూస్తుంటే, కోట్లు సంపాదించిన మనుషుల దగ్గర పంచుకోవడం అనే విద్య ఎంత తక్కువో తెలిసిపోతుంది. పిలవకుండా వచ్చి, బాత్‌టబ్‌లో పడి నిద్రపోయిన డానీ మెక్‌బ్రైడ్ పొద్దున్నే లేచి, బయట ఏం జరిగిందో తెలియక, ఉన్న సరుకంతా ఊడ్చి రాజభోగంలా టిఫిన్ వండి పెట్టే సీన్ దగ్గర థియేటర్లో ఎలా నవ్వుంటారో గానీ నాకైతే ఒళ్లు మండింది.

ఇప్పుడు అసలు చిక్కుముడి, అంటే యుగాంతపు లెక్క. ఆ నీలం వెలుగులు ఏంటి, ఎవరిని తీసుకెళ్తున్నాయి, ఎందుకు? మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ‘ఎత్తబడటం’ అంటారు. పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో, ప్రభువుని ఎదుర్కోవడానికి మేఘాల మీద ‘కొనిపోబడుదుము’ అన్న మాట ఉంది చూడండి, మొత్తం దానిమీదే నిలబడింది. నమ్మినవాళ్లని ముందే తీసుకెళ్లిపోతారు, మిగిలినవాళ్లు శ్రమల కాలంలో ఉండిపోతారు, ఆ కాలంలో బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో రాసిన మృగాలూ తెగుళ్లూ అగ్నీ అన్నీ వస్తాయి. ఊళ్లలో గోడల మీద ‘యేసు త్వరగా వచ్చుచున్నాడు’ అని సున్నంతో రాసి ఉండటం చూసినవాళ్లకి ఈ భయమూ ఈ ఆశా రెండూ పరిచయమే.

కానీ ఈ లెక్క క్రైస్తవులందరిదీ కాదు. కేథలిక్కులు, ఆర్థొడాక్స్ సంఘాలు ముందస్తుగా ఎత్తబడటం అనే పద్ధతిని ఒప్పుకోరు. దీన్ని ఈ రూపంలో ప్రచారంలోకి తెచ్చినవాడు జాన్ నెల్సన్ డార్బీ, 1830ల్లో, ప్లిమత్ బ్రెదరెన్ అనే ఉద్యమంలో ఉన్న ప్రచారకుడు. 1909లో అమెరికాలో సైరస్ స్కోఫీల్డ్ వివరణలతో అచ్చయిన బైబిల్ దీన్ని ఇంటింటికీ చేర్చింది, ఆ తర్వాత నవలలూ సినిమాలూ దీన్ని అమెరికా జనాల ఊహలో పాతుకుపోయేలా చేశాయి. ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ఒక ముక్క కూడా చెప్పాలి. అదే బ్రెదరెన్ ఉద్యమం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు 1830ల్లోనే ఇంగ్లండ్ వదిలి గోదావరి తీరానికి వచ్చి నరసాపురం వైపు పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషన్ అంటే అదే. ఇంగ్లండ్‌లో ఈ ఆలోచన పుడుతున్న రోజుల్లోనే ఆ ఉద్యమం మనుషులు మన కాలువ గట్ల మీద తిరిగారన్నమాట.

సేథ్, ఎవాన్ ఇద్దరూ కెనడాలోని వాంకూవర్‌లో యూదు కుటుంబాల్లో పుట్టి పెరిగినవాళ్లు, పిల్లలప్పుడు మతపాఠాల క్లాసులో కలిసి స్నేహితులయ్యారు. తమది కాని నమ్మకాన్ని తీసుకుని సినిమా చేశారు కాబట్టి, ఆ తెలియనితనాన్ని కూడా కథలోనే పెట్టారు. జే బైబిల్ తెరిచి ప్రకటన గ్రంథం చదివి, ఇదే ఇక్కడ జరుగుతోంది అని చెబుతుంటే మిగతావాళ్ల మొహాల్లో ఏమీ ఎక్కదు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకరేనన్న మాట విని సేథ్ దాన్ని మూడు రంగుల ఐస్‌క్రీమ్‌తో పోల్చుకుంటాడు. భక్తులకి ఇది కష్టంగా తోచవచ్చు, నాకు అర్థమవుతుంది. నాకు మాత్రం అది తనకి తెలిసిన ఒకే ఒక్క భాషలో ఒక పెద్ద విషయాన్ని పట్టుకోవాలని తాపత్రయపడుతున్న మనిషి మాటలా వినిపించింది.

అసలు తేడా ఎక్కడుందంటే, సినిమా ఆ లెక్కలోంచి దృశ్యాలన్నీ తీసుకుని, నియమాన్ని మాత్రం మార్చేసింది. డార్బీ లెక్కలో మనిషిని కాపాడేది విశ్వాసం. సినిమాలో ఎవరూ విశ్వాసం ప్రకటించరు, బాప్తిస్మం తీసుకోరు. క్రెయిగ్ రాబిన్సన్ దగ్గర మనకి నియమం తెలుస్తుంది. అందరిలోకీ పిరికివాడిలా ఉన్న ఆ భారీ మనిషి, మిగతావాళ్లు తప్పించుకోవాలని తానొక్కడే ఒక రాక్షసి మీదికి అరుచుకుంటూ పరుగెడతాడు, సరిగ్గా చచ్చే నిమిషంలో నీలం వెలుగు దిగి అతన్ని ఎత్తుకుపోతుంది. అంటే దారి ఇంకా మూసుకుపోలేదు. ఇంకొకరి కోసం తన ప్రాణాన్ని వదులుకున్నవాడికి అది తెరుచుకుంటుంది.

మనం యమధర్మరాజు సినిమాలు చూసి పెరిగాం. 1977లో వచ్చిన ‘యమగోల’ నుంచి 1994 ‘యమలీల’ దాకా యమలోకాన్ని ఆటపట్టించి కడుపుబ్బా నవ్వాం, ఇంటికెళ్లి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. దేవుడి మీద నవ్వుకీ భక్తికీ మన దగ్గర పెద్దగా పేచీ లేదు, అందుకే ఈ సినిమా వెటకారం మనవాళ్లని అంతగా కుదిపెయ్యదనుకుంటాను. కానీ మన యమలోకంలో హాస్యం అంతా చిట్టా మీద నడుస్తుంది. చిత్రగుప్తుడి పద్దులో జీవితాంతం చేసినవన్నీ కూడి తీసి వేస్తారు. ఆ పద్దు ప్రకారమైతే ఈ ఆరుగురికీ ఆశే లేదు. ఈ సినిమా చిట్టాని పక్కన పెట్టేసి చివరి నిమిషాన్ని చూస్తుంది. అజామిళుడి కథ గుర్తొస్తుంది నాకు. బతుకంతా తప్పుదారిలో నడిచినవాడు చావుబతుకుల మధ్య కొడుకుని ‘నారాయణా’ అని పిలిచి గట్టెక్కాడు. అయితే అక్కడ ఉద్దేశం లేకపోయినా పేరే కాపాడింది. ఇక్కడ పేరు ఏమాత్రం పనికిరాదు, హాలీవుడ్‌లో ఎంత పెద్ద పేరైనా సరే. ఉద్దేశమొక్కటే చూస్తారు.

ఇక్కడే రచయితలు ఒక కష్టమైన ప్రశ్నలోకి తెలిసే దిగారు. త్యాగం చేస్తే స్వర్గం వస్తుందని తెలిశాక చేసేది త్యాగమవుతుందా? క్రెయిగ్‌కి ఆ సంగతి తెలియదు, అందుకే అతని పరుగు స్వచ్ఛం. తర్వాత చేసేవాళ్లందరికీ తెలుసు. ఫలం మీద ఆశ పెట్టుకోకుండా కర్మ చెయ్యమన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్న మనకి ఈ ఇబ్బంది వెంటనే తగులుతుంది. సినిమా ఇచ్చే జవాబు ఫ్రాంకో ద్వారా వస్తుంది. మనుషుల్ని తినే ముఠాకి డానీ నాయకుడైపోయి వీళ్లని పట్టుకున్నప్పుడు, మిగతా ఇద్దరూ పారిపోవాలని ఫ్రాంకో ముందుకొచ్చి నిలబడతాడు. వెలుగు దిగుతుంది, అతను పైకి లేస్తాడు. బహుమతి కోసమే చేసినా పర్వాలేదనే అంటోంది సినిమా అక్కడిదాకా. కానీ పైకి వెళ్తూ వెళ్తూ కింద ఉన్న డానీకి మధ్యవేలు చూపించి, నోటికొచ్చినట్టు తిట్టి, గెలిచానన్నట్టు రెచ్చిపోతాడు. వెలుగు టక్కున ఆరిపోతుంది. ఫ్రాంకో కిందపడతాడు, ముఠా మీదపడుతుంది. చేసిన మంచి పనిని పక్కవాడి మీద గెలుపుగా మార్చుకున్న క్షణంలో అది మంచి పనిగా మిగల్లేదు. ఇంత సూటిగా, ఇంత అసభ్యంగా, ఇంత సరిగ్గా ఈ విషయం చెప్పిన సీన్ నేను ఇంకోటి చూడలేదు.

ఇక మూడో దారం, నాకు బాగా దగ్గరైనది. ఈ సినిమా మొదలయ్యేది దెయ్యాలతో కాదు, ఎయిర్‌పోర్ట్‌లో స్నేహితుడి కోసం ఎదురుచూస్తున్న సేథ్‌తో. జే లాస్ ఏంజిల్స్‌కి రావడం ఇష్టం లేనివాడు, ఆ ఊరూ ఆ మనుషులూ నచ్చరు. సేథ్ అతనికి ఇష్టమైన తినుబండారాలన్నీ తెచ్చి, గంజాయి చుట్టలతో బల్ల మీద జే పేరు పేర్చి పెడతాడు. ఆహారనియమాలు పాటిస్తున్నానంటూనే మొహమాటపడి బర్గర్ తింటాడు. మొదటి సాయంత్రం వరకూ అంతా పాతరోజుల్లాగే ఉంటుంది. ఆ తర్వాత పార్టీకి వెళ్దాం అంటాడు, అక్కడ కథ తిరుగుతుంది. జే ఒంటరిగా గోడ పక్కన నిలబడి ఉంటే సేథ్ కొత్త స్నేహితుల మధ్య వెలిగిపోతుంటాడు. ఊళ్లో కలిసి పెరిగిన ఇద్దరిలో ఒకడు హైదరాబాదుకో డాలస్‌కో వెళ్లి స్థిరపడ్డాక, రెండోవాడు చూడ్డానికి వెళ్లి అతని ఆఫీసు ఫ్రెండ్స్ మధ్య కూర్చున్నప్పుడు గొంతులో ఏదో అడ్డం పడుతుందే, అదే ఇది. నేను అలా కూర్చున్నాను. అందరూ నవ్వుతున్న జోకు నాకు అర్థం కాలేదు, నాకు అర్థం కాలేదని వాడు గమనించాడు, గమనించి కూడా మాట్లాడుతూనే పోయాడు. ఆ రాత్రి మా ఇద్దరి మధ్య ఏ గొడవా జరగలేదు. జరిగి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

కొట్టు దగ్గర మనుషులు ఆకాశంలోకి పోవడం చూశానని జే వచ్చి చెబితే పార్టీలో ఎవరూ నమ్మరు. పక్కనే ఉన్న సేథ్ గట్టిగా నేనూ చూశానని అనడు. నలుగురిలో నవ్వులపాలు కావడం ఇష్టంలేక స్నేహితుణ్ణి ఒంటరిగా వదిలేస్తాడు. నా లెక్కలో సినిమాలోకెల్లా పెద్ద పాపం అదే, మనిషి మాంసం తినడం కంటే పెద్దది. జే కూడా అమాయకుడేం కాదు. అంతకుముందే ఒకసారి లాస్ ఏంజిల్స్‌కి వచ్చి, సేథ్‌కి చెప్పకుండా హోటల్లో దిగి వెళ్లిపోయాడని తర్వాత బయటపడుతుంది. నేనే మంచివాణ్ణి, వీళ్లంతా పాడైపోయారు అనుకునే అహంకారం అతనిది. అందుకే కొట్లో ఉన్నా అతన్ని కూడా వెలుగు తీసుకెళ్లలేదు. ఈ విషయం అతనికే అందరికంటే ఆలస్యంగా అర్థమవుతుంది.

దెయ్యం పట్టిన జోనాని మంచానికి కట్టేసి, చేతికందిన సామాన్లతో సిలువ చేసి, జే మంత్రం చదివినట్టు ‘క్రీస్తు శక్తి నిన్ను లొంగదీస్తుంది’ అని మళ్లీమళ్లీ అంటాడు. ‘నిజంగా లొంగదీస్తోందా జే?’ అని దెయ్యం తాపీగా అడుగుతుంది. నవ్వొస్తుంది, కానీ ఆలోచిస్తే ఆ దెయ్యం అడిగేది సరైన ప్రశ్నే. పక్కవాడి మీద ప్రేమ లేకుండా, సినిమాల్లో చూసిన మాటల్ని అప్పజెప్తే అవి ఎందుకు పనిచెయ్యాలి?

సినిమాకి ఉన్న పెద్ద లోపం కూడా చెప్పాల్సిందే. ఆడవాళ్లు ఇందులో దాదాపు లేరు. ఎమ్మా వాట్సన్ గొడ్డలితో తలుపు బద్దలుకొట్టుకుని లోపలికి వస్తుంది. ఆమె భయపడకుండా చూసుకోవాలని ఈ మగాళ్లు గుసగుసగా మాట్లాడుకుంటూ అత్యాచారం గురించి నోరు జారతారు, అది ఆమె చెవిన పడి, ఉన్న సరుకంతా దోచుకుని వెళ్లిపోతుంది. మగాళ్ల మొద్దుతనం మీద జోకు అని చెప్పుకున్నా, ఇల్లంతా మగాళ్లే ఉన్న సినిమాలో ఆమెకి అదొక్కటే ముఖ్యమైన సీన్ ఇవ్వడం నాకు మింగుడుపడదు. 2021లో ఒక ఇంటర్వ్యూలో సేథ్ చెప్పిన మాటల వల్ల, ఆమె చివర్లో ఒక సీన్ దగ్గర సెట్ వదిలి వెళ్లిపోయిందని వార్తలు వచ్చాయి. తర్వాత అతనే వివరణ ఇచ్చాడు. ఆమె కోపంతో వెళ్లిపోలేదని, ఆ సీన్ మొదట అనుకున్నదానికంటే వేరేగా మారిందని, అందులో ఆమె లేకపోవడం ఇద్దరూ మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయమని చెప్పాడు. సొంత పేరుతో తెర మీద నిలబడటంలో ఉన్న రిస్కు ఇదే. పాత్రకి జరిగింది మనిషికి జరిగినట్టే గుర్తుండిపోతుంది.

ఫ్రాంకో సీన్లు కూడా ఇప్పుడు అప్పటిలా చూడలేం. 2018లో ఐదుగురు మహిళలు అతని ప్రవర్తన మీద ఆరోపణలు చేశారు, అతని లాయరు వాటిని ఖండించాడు. తర్వాత అతని నటనా శిక్షణ స్కూల్లో చదివిన ఇద్దరు వేసిన దావా 2021లో రాజీతో ముగిసింది. అదే ఏడాది సేథ్ అతనితో మళ్లీ కలిసి పనిచేసే ఆలోచన లేదన్నాడు. సేథ్ కోసం ప్రాణమిస్తానని నిలబడిన తెర మీది ఫ్రాంకోని, గోడ మీద వేలాడే ఆ రెండు పేర్లని చూస్తున్నప్పుడు ఇదంతా గుర్తురాకుండా ఉండదు. కల్పిత పాత్రల పేర్లు పెట్టి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

మన దగ్గర ఇలాంటి సినిమా వస్తుందా అని నన్ను ఒకరిద్దరు అడిగారు. తమ పేరుతో తెర మీదికి రావడం మనకి కొత్తేం కాదు. 2016లో ‘మజ్ను’లో రాజమౌళి రాజమౌళిగానే కనపడ్డాడు. హిందీలో 2020లో అనిల్ కపూర్, అనురాగ్ కశ్యప్ తమ పేర్లతోనే ఒకరినొకరు తిట్టుకుంటూ ఒక పూర్తి సినిమా చేశారు. కానీ ఆరుగురు పేరున్న హీరోలు ఒక ఇంట్లో కూర్చుని, జనం తమ గురించి వెనకాల అనుకునే మాటల్నే తమ పాపాలుగా ఒప్పుకోవడం వేరే సంగతి. ఇమేజ్ అనేదాన్ని ఫ్యాన్స్ కాపలా కాసే చోట అది తేలిక కాదు. నాకైతే ఎవరైనా ధైర్యం చేస్తే మొదటి ఆట చూడాలని ఉంది.

చివరికి మిగిలేది ఇద్దరే. ఎదురుగా కొండంత సాతాను, చుట్టూ మంటలు. అక్కడ మొదటిసారి ఒకరికొకరు నిజం చెప్పుకుని క్షమాపణ అడుగుతారు. జే మీద వెలుగు దిగుతుంది. జే సేథ్ చెయ్యి పట్టుకుని పైకి లాగుతాడు, వదలడు. ఇద్దరూ కొంత ఎత్తు లేస్తారు గానీ సేథ్‌కి దారి తెరుచుకోలేదు, అతని బరువుకి జే కూడా ఆగిపోతాడు. తను పట్టుకుని ఉన్నంతసేపూ జే వెళ్లలేడని సేథ్‌కి అర్థమవుతుంది. కొట్టు నుంచి వచ్చిన రాత్రి నలుగురి ముందు జేని వదిలేసిన మనిషే, ఇప్పుడు అతని కోసం ఆ చెయ్యి వదిలేస్తాడు. కింద సాతాను నోరు తెరుచుకుని ఉంది. పడిపోతుండగా సేథ్ మీద కూడా వెలుగు దిగుతుంది.

పైన క్రెయిగ్ తెల్లబట్టల్లో ఎదురొస్తాడు, ఇక్కడ ఏది కోరుకుంటే అది దొరుకుతుందని చెబుతాడు. ఏదైనా అడగొచ్చు. జే కోరుకున్నది ‘బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్’ని, వాళ్లు కుర్రాళ్లుగా ఉన్నప్పుడు ఊరూరా మోగిన పాటల బృందాన్ని. ఆ ఐదుగురూ వచ్చి పాడుతుంటే ఇద్దరూ పక్కపక్కన డాన్స్ చేస్తుంటారు.